సరిజోడు

భాగవత దశమస్కంధంలో కంసుని మల్లరంగ ఘట్టాన్ని మనలో చాలామంది చిన్ననాట పెద్దలు చదువుతూండగా వినియే ఉంటాము. కృష్ణునికి చాణూరుడు, బలరామునికి ముష్టికుడు ప్రత్యర్థులు. కథ వినేవాడికి గుర్తుండేది చివరికెవరు నేలకూలారన్న సంగతే. నాకు మాత్రం ఆ ఘట్టంలో పోరుకంటె పోరు చూస్తున్న మథురా నగరపు స్త్రీల మాటలు ఎక్కువ ఇష్టం. కొండలవంటి దేహాలు గల ఆ జెట్టులెక్కడ, యౌవనమైనా నిండని ఈ పసివాళ్ళెక్కడ, ఇది ధర్మమా అని వాళ్ళు తమలో తాము మథనపడతారు. ఇటువంటి పోరును చూస్తూ కూర్చున్న సభకు కూడా దోషం అంటుతుందంటారు.

అంతకు కొంచెం ముందే కృష్ణుడు కూడా ఆ మాటే అంటాడు. మేము బాలురము, మాకు సమానమైన బలం గలవారితో ఆడుకొంటాము, సభాసదులకు అధర్మం తగలకుండా పోరు జరగనీయండి అని. దానికి చాణూరుడిచ్చే సమాధానం గట్టిది. నీవు బాలుడవెట్లవుతావు, వేయి ఏనుగుల బలం గల కువలయాపీడాన్ని ఇప్పుడే కదా చంపి వచ్చినావు అంటాడు. ఒకరు దేహాన్ని చూసి జోడు కట్టాలంటున్నారు, మరొకరు చేసిన పనిని చూసి జోడు కట్టాలంటున్నారు. ఇన్ని శతాబ్దాలు గడిచినా కుస్తీ గోదాలోను, జూడో చాప మీద, బాక్సింగు బరిలోను నడుస్తున్న వాదం ఈ రెండింటి మధ్యనే.

ఇదే భాగవతంలో జరాసంధుని సంగతి చూడండి. అతడు ఎంత క్రూరుడైనా జోడు విషయంలో నియమం తప్పలేదు. బ్రాహ్మణ వేషాలతో వచ్చిన ముగ్గురిలో ఎవరితో పోరుతావో కోరుకొమ్మంటే, కృష్ణుడు తనకు జడిసి సముద్రంలో దాక్కున్నవాడని, అర్జునుడు వయసులోను బలంలోను తనకు సమానుడు కాడని తోసిపుచ్చి, భీముడే తనకు సరిజోడన్నాడు. పోరు ఇరవైయేడు దినాలు సాగిందంటే ఆ జోడు ఎంత సరిగా కుదిరిందో తెలుస్తూనే ఉంది. అర్జునుణ్ణి ఎన్నుకొని ఉంటే ఒక పూటలో తేలిపోయేదేమో! తనకు అనుకూలమైన జోడును వదులుకొన్న ఆ ఒక్క గుణానికి నేను జరాసంధునికి నమస్కరిస్తాను.

ఇక దుర్యోధనుడు. భీముడు బలవంతుడని అతనికి తెలియదా? తెలుసు. అందుకే ఇనుముతో భీముని ప్రతిమ చేయించి పదమూడేళ్ళు దాని మీద గద సాధన చేశాడు. శల్యపర్వంలో గదాయుద్ధం మొదలైన తరువాత ఎవరిది పైచేయి అని అర్జునుడు అడిగితే, భీమునికి బలం ఎక్కువ, దుర్యోధనునికి అభ్యాసం ఎక్కువ అని కృష్ణుడు చెప్పాడు. ఇందులో నాకు ఆశ్చర్యం కలిగించేది ఆ ప్రతిమ. సాధన ఎవరో ఒకరితో చేస్తే చాలదనీ, ఎవరితో పోరాడవలసి ఉందో ఆ ఒడ్డుపొడుగు గలదానితో చేయాలనీ ఆ దుష్టచతుష్టయ నాయకునికి తెలిసింది. ఈనాటి శిక్షకులలో కొందరికి తెలియదు. ఆ సంగతి ముందు వస్తుంది.

ఒడ్డుపొడుగు అన్నాను కదా, తెలుగు పండితుని బుద్ధి పోనిచ్చుకోలేక ఒక్క మాట. మన భాషలో ‘ఎత్తు’ అంటే పొడవు. కుస్తీలో వేసే ఉపాయం కూడా ‘ఎత్తు’ే. ఎత్తుకు పైయెత్తు వేశాడంటాము. ఎదుటివాణ్ణి నేల నుంచి లేవదీయడమూ ఎత్తడమే. దేహం, ఉపాయం, బలం మూడింటినీ ఒక్క మాటలో కట్టిపెట్టిన భాష మనది. ‘పట్టు’ కూడా అంతే. చేతి బిగువూ పట్టే, మనసు మొండితనమూ పట్టే. ‘జెట్టి’ అనే మాటను సంస్కృత ‘జ్యేష్ఠి’తో ముడిపెడతారు. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుని మానసోల్లాసంలో మల్లవినోదమని ఒక భాగమే ఉంది. పన్నెండవ శతాబ్దపు గ్రంథమది. మల్లులను వయసు, శరీర ప్రమాణం, బలం చూచి తరగతులుగా విడదీయడం అందులో కనబడుతుంది. కాబట్టి బరువు తరగతులు పాశ్చాత్యులు కనిపెట్టిన వింత అని ఎవరైనా అంటే నమ్మనక్కరలేదు.

నేను క్రీడాకారుణ్ణి కాను. కోనసీమలో పుట్టి పెరిగినవాణ్ణి కనుక, దసరాకు అమలాపురంలో చెడీ తాలింఖానా చూడడం, కర్రసాము తిప్పే అన్నల వెంట తిరగడం తప్ప నాకు ఆ విద్యతో సంబంధం లేదు. మా ఊరి సాము గురువుగారు కొత్తగా వచ్చిన కుర్రవాడికి ముందు కర్ర ఇచ్చేవారు కాదు. వెదురు గడను వాడి పక్కన నిలబెట్టి, అది వాడి నుదుటిని తాకేచోట కొలిచి కోయించేవారు. ఎవరి కర్ర వాడిదే. పొట్టివాడు పొడుగువాడి కర్ర పుచ్చుకొంటే కర్ర వాణ్ణి తిప్పుతుంది అనేవారు. ఆ ముక్క నేను ఛందస్సు పాఠం చెప్పేటప్పుడు కూడా వాడుకొన్నాను. ఊపిరి చాలనివాడు స్రగ్ధర జోలికి పోకూడదని చెప్పడానికి.

ముప్పయి ఏళ్ళకు పైగా ఉన్నత పాఠశాలలో పిల్లలను చూసినవాడిగా మరొకటి గమనించాను. డ్రిల్లు పీరియడులో సన్నగా, పొట్టిగా ఉన్న పిల్లలు తాడు ఎగబాకడంలోను, దండీలు తీయడంలోను ముందుండేవారు. బొద్దుగా, భారీగా ఉన్న పిల్లవాడు అయిదు దండీలకే చతికిలబడేవాడు. వాడు సోమరి అని తక్కినవాళ్ళు నవ్వేవారు. నిజానికి అక్కడ పనిచేస్తున్నది సోమరితనం కాదు, గణితం. గెలీలియో తన 1638 నాటి గ్రంథంలో ఎముకలను గురించి ఈ సూత్రమే చర్చించాడు. ఒకే పోలికలో ఉన్న ఇద్దరిలో ఒకడు పదోవంతు పొడుగైతే, వాడి కండరాల అడ్డుకోత, అంటే బలం, 21 శాతం పెరుగుతుంది. బరువు మాత్రం 33 శాతం పెరుగుతుంది. అంటే పెద్దవాడు మొత్తం మీద బలవంతుడే గాని, తన శరీరాన్ని తాను మోసుకొనే విషయంలో చిన్నవాడికంటె బలహీనుడు.

దీనికి బరువులెత్తే క్రీడలో సాక్ష్యం దొరుకుతుంది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో నయీం సులేమానోగ్లు 60 కిలోల తరగతిలో 190 కిలోలు తలపైకి ఎత్తాడు. తన బరువుకు మూడింతల పైమాట. 2021లో జార్జియా దేశపు లాషా తలాఖాడ్జే 267 కిలోలెత్తి ప్రపంచాన్ని నివ్వెరపరిచాడు. అది ఆ మహాకాయుని సొంత బరువుకు రెండింతలైనా కాదు. ఎవరు గొప్ప అంటే ఏమి చెబుతాం? ఎత్తిన ఇనుము తలాఖాడ్జేది ఎక్కువ, ఎత్తిన తీరు సులేమానోగ్లుది ఎక్కువ.

దీనివల్ల శిక్షణలో జరిగే అన్యాయం ఒకటుంది. వ్యాయామశాలలో అందరికీ ఒకే లెక్కన దండీలు, ఒకే లెక్కన గుంజీలు, ఒకే లెక్కన గంతులు వేయిస్తారు. భారీ పిల్లవాడు ప్రతిదినం ఓడిపోతాడు. పైగా పడడం నేర్పేటప్పుడు వాడు పడే దెబ్బ వేరు. ముప్పయి కిలోల పిల్ల చాప మీద పడి లేచి నవ్వుతుంది. ఎనభై కిలోలవాడు అదే ఎత్తు నుంచి పడితే మోకాలు, భుజం, నడుము మూడూ లెక్క చెబుతాయి. వాడికి పడడం నెమ్మదిగా, మెత్తని చోట, ఎక్కువ రోజులు నేర్పాలి. అది చేయక, పట్లు నేర్చుకొనే తక్కినవాళ్ళకు వాణ్ణి ఇసుక బస్తాలాగా నిలబెడతారు. చిన్నదానికి జరిగేది మరొక అన్యాయం. దానికి జోడు దొరకదు. అందుబాటులో ఉన్నవాళ్ళంతా పెద్దవాళ్ళు కనుక అది నేర్చుకొన్న ప్రతి పట్టూ విఫలమవుతుంది. పట్టు తప్పా, జోడు తప్పా తెలియక, తనకీ విద్య రాదనుకొని మానేస్తుంది.

జూడో స్థాపకుడు కానో జిగొరో ఈ బాధలన్నీ పడినవాడే. 1860లో పుట్టిన ఆయన మనిషి చిన్న. అయిదడుగుల రెండంగుళాలు, యాభై కిలోలకు అటూ ఇటూ. బడిలో పెద్ద పిల్లల చేత దెబ్బలు తిని జుజుత్సు నేర్చుకొన్నాడు. తనతో సాధన చేసే ఒక బలశాలిని ఎంతకూ పడవేయలేక, గ్రంథాలయానికి వెళ్ళి పాశ్చాత్య కుస్తీ పుస్తకాలు తిరగవేసి, ఎదుటివాణ్ణి భుజాల మీద చక్రంలా తిప్పి వేసే ఎత్తు ఒకటి తయారుచేసుకొన్నాడని చెబుతారు. కానో స్వయంగా బడిపంతులు, ప్రధానోపాధ్యాయుడు. పట్టు దొరకక గ్రంథాలయానికి వెళ్ళిన మల్లుడు కనుక నాకాయన మీద ప్రత్యేకమైన అభిమానం. 1882లో కొడొకాన్ స్థాపించాడు. ఎదుటివాడు తోస్తే లాగు, లాగితే తొయ్యి, వాడి బలాన్ని వాడి మీదకే తిప్పు అన్నది ఆ విద్య సారం.

ఆ సారం నిజమే. కాని దాన్నుంచి ‘విద్య ఉంటే దేహం లెక్కలేదు’ అనే నమ్మకం పుట్టింది. ఆ నమ్మకం 1964లో టోక్యోలో పగిలింది. ఒలింపిక్స్‌లో జూడోకు అదే మొదటిసారి. మూడు బరువు తరగతులు, వాటితోపాటు ఎవరైనా దిగదగిన నిర్బరువు తరగతి ఒకటి. జపానువారు మొదటి మూడింటినీ గెలిచారు. వాళ్ళు అన్నిటికంటె గౌరవించే నాలుగవ దాని తుదిపోరులో, అక్టోబరు 23న, డచ్చి దేశస్థుడు ఆంటన్ గీసింక్ తమ కమినగాను నేలకు అదిమిపట్టి గెలిచాడు. గీసింక్ దాదాపు రెండు మీటర్ల మనిషి. పెద్దవాడు గెలిచాడు, ఇందులో వింతేముంది అంటారేమో. వింత ఏమంటే అతడు జపానులో ఏళ్ళ తరబడి సాధన చేసి, వాళ్ళ విద్యను వాళ్ళంత బాగానూ నేర్చినవాడు. గెలిచిన క్షణంలో సంబరంతో చాప మీదికి దూకబోయిన స్వదేశీయులను చెయ్యెత్తి ఆపాడు, ఓడినవాని గౌరవం కోసం. విద్యా వినయమూ సమానమైన తరువాత మిగిలినది దేహమే.

అలాగని దేహానిదే అంతా అనడానికీ వీలులేదు. 1990లో తొషిహికో కోగా అనే ఆయన, 71 కిలోల తరగతివాడు, బరువుతో నిమిత్తంలేని అఖిల జపాను పోటీలలో దిగాడు. తనకంటె ఎంతో భారీగా ఉన్నవాళ్ళను ఒకరి తరువాత ఒకరిని దాటుకొంటూ తుదిపోరు దాకా వచ్చాడు. అక్కడ, 130 కిలోల ఒగావా చేతిలో పడిపోయాడు. కోగా ఆయుధం భుజం మీదుగా వేసే విసురు. అది పొట్టివాళ్ళ ఎత్తు. ఎదుటివాని గురుత్వకేంద్రం కిందికి దూరాలంటే పొట్టివాడికి మోకాళ్ళు కొంచెం వంచితే చాలు. పొడుగువాడు సగం కూర్చోవాలి. పొడుగువాడికి కాళ్ళున్నాయి, కాబట్టి కాలు చాచి తొడ లోపలినుంచి ఎత్తివేసే విసురు వాడికి సులువు. గురువు తన ఒడ్డుపొడుగుకు సరిపడ్డ ఎత్తునే శిష్యులందరికీ నేర్పడం చాలాచోట్ల కనబడుతుంది. పొడుగు గురువు దగ్గర పొట్టి శిష్యుడు, పొట్టి గురువు దగ్గర పొడుగు శిష్యుడు ఏళ్ళ తరబడి అవస్థపడడం నేను చూశాను.

సుమో సంగతి చెప్పకపోతే లోటవుతుంది. అందులో బరువు తరగతులే లేవు. మైనోఉమి అనే మల్లుడు చేరబోతే, ఎత్తు చాలదని తిప్పిపంపారు. ఆయన నడినెత్తిన చర్మం కింద సిలికాను పెట్టించుకొని వచ్చి కొలతకు నిలబడ్డాడు! వంద కిలోల ఆ మనిషి, రెండువందల డెబ్భై కిలోల పైబడిన కొనిషికిని ఓడించడం జనానికి పండుగగా ఉండేది. 1996లో ఒకసారి ఆయననే ఓడించాడు గాని, ఆ భారీ దేహం వచ్చి తన మోకాలి మీద పడింది. గెలిచినవాణ్ణి మోసుకుపోవలసి వచ్చింది. చిన్నవాడు పెద్దవాణ్ణి గెలవడాన్ని కథగా చెప్పుకొనేవాళ్ళు ఆ మోకాలి సంగతి చెప్పరు. సుమతీశతకంలో పాము చీమల చేత చచ్చిందని చదివి చిన్నవాళ్ళను తేలిక చేయరాదంటాము. ఆ చీమలు ఎన్నో ఉన్నాయన్న సంగతి పిల్లలకు నేను ప్రత్యేకంగా గుర్తుచేసేవాణ్ణి. ఒక్క చీమ అయితే పద్యమే లేదు.

మన దేశంలో గామా పహిల్వాను అయిదడుగుల ఏడెనిమిది అంగుళాలవాడు. 1910లో లండను వెళితే పొట్టివాడని మొదట పోటీలోకి రానీయలేదంటారు. తుదకు తనకంటె బరువైన జ్బిస్కోను రెండు గంటలకు పైగా నేలబారున పడుకోబెట్టాడు. చాపకు కరుచుకొని పడుకొన్న భారీ మనిషిని తిరగవేయడం గామాకు కూడా సాధ్యం కాలేదు. వారం తరువాత మళ్ళీ పోరన్నారు, జ్బిస్కో రాలేదు. 1928లో పటియాలాలో ఇద్దరూ మళ్ళీ తలపడితే నిమిషమైనా పట్టలేదు. మన వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారిని గురించి నేను వేరుగా వ్రాయాలి, ఇక్కడ ఇరికిస్తే ఆయన ఒడ్డుపొడుగుకు ఈ చోటు చాలదు.

ఇదంతా నేను ఇప్పుడెందుకు తవ్వుకొంటున్నానో చెబుతాను. మా మనవరాలు కాకినాడలో జూడో నేర్చుకొంటున్నది. పదిహేనో ఏడు. మనిషి పొట్టి, ఎముక గట్టిది. ఆ వయసు ఆడపిల్లలకు 40, 44, 48, 52 ఇట్లా కిలోల తరగతులుంటాయి. అది 46 కిలోల చిల్లర. జిల్లా పోటీలకు నెల ఉందనగా, దాని కోచ్‌గారు 44కు దిగమన్నారు.

మొదట మాకెవరికీ తెలియలేదు. అన్నం ముందు కూర్చొని ఆకలిలేదనడం, పొద్దున్నే వానకోటు వేసుకొని మేడ మీద పరుగెత్తడం చూసి పరీక్షల బెంగ అనుకొన్నాము. ఒకనాటి మధ్యాహ్నం పెరట్లో గిన్నె పెట్టుకొని ఊరికే ఉమ్మడం చూశాను. జలుబు చేసిందా అమ్మా అని అడిగితే, “లేదు తాతయ్యా, ఇలా ఉమ్మినా కొంచెం తగ్గుతుంది. అక్కలు చెప్పారు” అన్నది. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. మే నెల ఎండలో మంచినీళ్ళు మానేసిన పిల్ల.

నాకు ఆ క్షణంలో వినేశ్ ఫొగాట్ గుర్తుకు వచ్చింది. 53 కిలోలకు అలవాటుపడ్డ మనిషి 50కి దిగి, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఒకేరోజు మూడు పోరాటాలు గెలిచింది. అంతకుముందు విదేశీయుల చేతిలో ఓటమియే ఎరుగని జపాను మల్లురాలు యుయి సుసాకిని కూడా పడగొట్టింది. మర్నాడు, ఆగస్టు 7 ఉదయం, తూకంలో వంద గ్రాములు ఎక్కువ తూగింది. రాత్రంతా పరుగెత్తి, ఆవిరి పట్టి, జుట్టు కూడా కత్తిరించుకొన్నా ఆ వంద గ్రాములు దిగలేదు. దేశమంతా ఆ వంద గ్రాములను గురించి మాట్లాడింది. తక్కిన మూడు కిలోలను గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ. మన నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ కూడా 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోలలో ప్రపంచ విజేత అయి, పారిస్ పోటీల జాబితాలో 52 లేదు, 50 తరువాత 54యే, కనుక 50కి దిగవలసి వచ్చింది. దిగి, 2023లో ఢిల్లీలో మళ్ళీ గెలిచింది, అది ఆమె గొప్పతనం. అయితే వాళ్ళు పెరుగుదల పూర్తయిన స్త్రీలు, వెంట వైద్యులున్నవారు. అమెరికాలో 1997 చివర, కొద్ది వారాల వ్యవధిలో ముగ్గురు కళాశాల మల్లులు ఇట్లా బరువు దించుకొంటూనే ప్రాణాలు విడిచారు. ఆ తరువాత గాని అక్కడ నియమాలు మారలేదు.

నేను మా అమ్మాయికి చెప్పి, సాయంత్రం కోచ్‌గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మర్యాదస్థుడు. కుర్చీ వేసి, “కూర్చోండి మాస్టారూ” అన్నాడు. ఆయన వాదం తేలికగా తోసివేయదగింది కాదు. “48లో దిగే పిల్లలు 48 అనుకొంటున్నారా మాస్టారూ? 51 నుంచి దించుకొని వచ్చినవాళ్ళు. తూకం అయ్యాక తిని, తాగి, పోరు నాటికి మళ్ళీ 50 దాటుతారు. మీ పాప 46తో వాళ్ళ ముందు నిలబడితే ఎత్తి పారేస్తారు. అందరూ చేస్తున్నారు, మనం ఒక్కరం మానితే మనమే నష్టపోతాం” అన్నాడు.

అందరూ మూడేసి కిలోలు దించుకొంటే, చివరికి అందరూ మళ్ళీ తమ సరిజోడుతోనే కదా పోరాడుతున్నది, మధ్యలో ఈ దాహమెందుకండీ అన్నాను. ఆయన నవ్వి, “ఆ మాట అందరితోనూ ఒకేరోజు ఒప్పించండి” అన్నాడు. అది నిజమే. సరిజోడు కోసం పెట్టిన కొలతయే సరిజోడును చెడగొట్టే సాధనమైంది. బలహీనుణ్ణి బలవంతుని బారి నుంచి కాపాడటానికి పుట్టిన తరగతులు, పిల్లల చేత గిన్నెలోకి ఉమ్మిస్తున్నాయి. మథుర స్త్రీలు ఈ సభలో ఉంటే ఏమనేవారో.

నేను వాదించి గెలవలేదు. గెలిచింది మా అమ్మాయి. బిడ్డను వైద్యురాలి దగ్గరికి తీసుకువెళ్ళింది. ఎదిగే ఆడపిల్ల నీళ్ళు మానితే, కడుపు మాడ్చుకొంటే నెలసరి ఎట్లా తప్పుతుందో, ఎముక ఎట్లా గుల్లబారుతుందో ఆవిడ పిల్లకే నేరుగా, పెద్దమనిషితో మాట్లాడినట్లు చెప్పింది. ఇంటికి వచ్చి పిల్ల రెండు గ్లాసుల మజ్జిగ తాగి, తానే కోచ్‌గారికి ఫోను చేసి 48లో పేరు వ్రాయమన్నది. ఆయన కాదనలేదు. పైగా మిగిలిన మూడు వారాలూ దానిచేత 50 కిలోల పిల్లతో సాధన చేయించాడు. దుర్యోధనుని ఇనుప ప్రతిమ వంటిదన్నమాట! ఆ సంగతి నేనాయనతో చెప్పలేదు, ఏమనుకొంటాడో అని.

పోటీలకు నేనూ వెళ్ళాను. మొదటి పోరులో ఎదుటి పిల్ల దీనికంటె అరచెయ్యి పొడుగు. మాది కిందికి దూరి భుజం మీదుగా విసిరింది, పూర్తి అంకం. నా పక్కన కూర్చొన్న ఒక పెద్దాయన “పిట్ట కొంచెం కూత ఘనం” అన్నాడు. నాకు సంతోషమే కలిగింది, దాచడమెందుకు. రెండవ పోరులో ఓడింది. నాలుగు నిమిషాలూ నిలిచి, చివరి క్షణాలలో పడింది. ఆ గెలిచిన అమ్మాయి భారీ మనిషే. కోచ్‌గారు చెప్పిన 51 నుంచి దిగిన బాపతు కావచ్చు. ఇంటికి వచ్చే దారిలో ఆటోలో ఆ మాటే ఎత్తాను. బరువు వల్లనే కదమ్మా అన్నాను, ఓదార్పుగా.

“కాదు తాతయ్యా, ఆ అమ్మాయిది ఎడమచేతివాటం. నా చొక్కా చెయ్యి పట్టుకోవలసిన వైపు కాకుండా రెండో వైపు పట్టుకొంది. నాకు లోపలికి దూరే దారే దొరకలేదు. మా సెంటర్‌లో ఎడమచెయ్యి వాళ్ళెవరూ లేరు” అన్నది.

ఎడమచేతివాటం ఆ ఇంట్లో ఉన్నది నాకొక్కడికే. చిన్నప్పుడు మా మాస్టారు బెత్తంతో కొట్టి కుడిచేత్తో వ్రాయించారు గాని, తక్కిన పనులన్నిటికీ ఇప్పటికీ నాకు ఎడమచెయ్యే ముందు పోతుంది. కనుక ఈ వారం నుంచి సాయంత్రం ఆరు గంటలకు మేడ మీద నేను దాని జూడో చొక్కా చెయ్యి ఎడమచేత్తో గట్టిగా పట్టుకొని నిలబడుతున్నాను. విసరదు, ఊరికే లోపలికి తిరిగి, నడుము ఆనించి, మళ్ళీ వెనక్కి వస్తుంది. వందసార్లు. నాకు అరవైయేడేళ్ళు, 71 కిలోలు. ఇంకా గట్టిగా పట్టుకో తాతయ్యా, సరిపోవడం లేదంటుంది.